తర్పణమున లేని పేరు

భాద్రపద బహుళామావాస్యనాడు పెద్దలకు నీళ్లు వదలుట మన యిండ్లలో గలదు. ఆనాడు తండ్రి, తాత, ముత్తాత యను మూడు తరములవారి పేర్లు చెప్పుదుము. తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లును చెప్పుదుము. కర్త మారిననాడు క్రింద నొక పేరు చేరును, పైనొక పేరు జారిపోవును. నాలవ తరమువానికి నీళ్లు లేవు, పేరును లేదు. నాలుగేండ్ల క్రిందట మా నాయనగారు గతించినప్పుడు మేము కర్తలమైతిమి. ఆనాడే మా ముత్తాత తండ్రి మా వరుసలోనుండి తొలగిపోయెను. అంతవఱకు ఏటేట వినుచుండిన పేరు ఇక వినబడదని తోచి, ఆయన యెవరు, ఎప్పటివాడు, ఎట్లు బ్రతికెనని విచారింప మొదలిడితిమి. బుద్ధి యింత ఆలస్యముగ పుట్టినందులకు మాకు సిగ్గుగనే యున్నది. బడిలో పిల్లలకు మౌర్యులనుండి మొగలాయీలవఱకు వంశవృక్షములు వల్లెవేయించు మేము మా యింటి నాలవ మెట్టు నెఱుగము.

ఆయన చనిపోయిన తిథి మాత్రము దొరకినది. ఇంటిలో నొక పాత పంచాంగపు అట్టలోపల మా తాతగారి చేవ్రాతతో పుష్య శుద్ధ దశమి యని యున్నది. ఏ సంవత్సరపు పుష్యమో వ్రాసి యుండలేదు. ఇది మఱపు కాదు. తద్దినమునకు మాసము, పక్షము, తిథి కావలెను, సంవత్సరముతో పనిలేదు. పనిలేనిదానిని ఎవరును వ్రాయలేదు. ఏ పత్రమైనను తన్ను వ్రాసికొన్నవానికి కావలసినదానిని మాత్రమే దాచుకొనునను సంగతిని మేము మొదట అక్కడ నేర్చుకొంటిమి. తరువాత చూచిన ప్రతి కాగితమును అదే పాఠమును మఱియొక తీరుగ చెప్పినది.

మా యూరు నెల్లూరు సీమలో, కృష్ణపట్టణమునకు కొంతదూరమున, కండలేరు ఉప్పుటేటి దాపున నున్నది. ఒకప్రక్క ఉప్పుకొఠారులు, ఒకప్రక్క చెఱువు క్రింది పొలము. పెన్నపై నెల్లూరు ఆనకట్ట 1855లో కట్టబడినను, ఆ నీరు మా పెద్దలనాటికి మా పొలముల కందలేదు. ఆకాశమే ఆధారము. వానలు లేని యేడు చెఱువు ఎండును. చెఱువెండిన యేడు మనుష్యులు కదలుదురు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనినగాని తరువాతి కథ తెలియదు.

మనవారిలో తన బ్రతుకును తానే వ్రాసిపెట్టినవాడు ఆ కాలమున నొక్కడైనను లేడా యని చదువరులడుగవచ్చును. ఒకరు గలరు, మా సీమవారే. వెన్నెలకంటి సుబ్బారావుగారు 1784లో, అనగా క్రోధి సంవత్సరమున, జన్మించిరి. ఒంగోలు ప్రాంతమువారు. వారు పుట్టునప్పటికి ఈ సీమ ఆర్కాటు నవాబు క్రింద నుండెను. 1801లో కుంఫిణీవారి చేతికి వచ్చెను. ఆ మార్పులో ఇంగ్లీషు నేర్చి పైకి వచ్చినవారిలో సుబ్బారావుగారొకరు. 1815 మొదలు 1829 వఱకు చెన్నపట్టణపు సదరు కోర్టులో భాషాంతరీకర్తగను ద్విభాషిగను ఉండిరి. చెన్నపట్టణపు పాఠశాలా పుస్తక సంఘములో సభ్యులై, ఆ కాలపు బడులలో పిల్లలు అర్థము తెలియక వల్లెవేయు చదువును గూర్చి 1820లో సంఘమువారికి విన్నవించిరి. (ఇన్నూఱేండ్లు గడచినను మా బడికి ఆ విన్నపము చక్కగ సరిపోవును, అది వేఱు సంగతి.) ఉద్యోగము విడిచిన పిదప నెల్లూరు చేరి 1839లో మరణించిరి. వారు ఇంగ్లీషులో వ్రాసికొన్న స్వీయచరిత్ర ముప్పదినాలుగేండ్లు ఇంటిలోనే యుండి, 1873లో కుమారుని పూనికచే చెన్నపట్టణమున అచ్చుపడినది. ఎందులకు అచ్చువేయించిరనగా, తమ బంధుమిత్రులు తెలిసికొనుటకై. ఆ కారణమును మేము చదివినప్పుడు మనస్సు కరగినది. తండ్రి వ్రాసెను, కొడుకు దాచెను, చుట్టములకు పంచెను. అదే 1873లో బాస్వెలు దొర నెల్లూరు జిల్లా మాన్యువలును ప్రకటించెను. జిల్లా చరిత్రయు, జిల్లావాని చరిత్రయు ఒకే యేట వెలువడినవన్నమాట.

ఒక్క హెచ్చరిక చేసి ముందునకు పోవుదుము. ఒంగోలు 1904 వఱకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేట గుంటూరు జిల్లాకు పోయెను. 1970లో వేఱు జిల్లాకు ముఖ్యపట్టణమాయెను. దక్షిణమున సూళ్లూరుపేట వైపు గ్రామములు 2022లో తిరుపతి జిల్లాలో చేరినవి. కాగితములు ఎల్లలతోపాటు ఎల్లప్పుడును కదలవు. తాతను వెదకబోవువారు ఆయన యూరు నేడే జిల్లాలో నున్నదో చూచిన చాలదు. ఆయన బ్రతికిననాడు ఏ కచ్చేరీకి శిస్తు కట్టెనో చూడవలెను.

సుబ్బారావుగారివంటి అదృష్టము మావారికి లేదు. మా పెద్దలలో వ్రాయనేర్చినవారు లెక్కలు వ్రాసిరి గాని కథ వ్రాయలేదు. మాకు మిగిలినది ఇత్తడి మూతగల యొక కొయ్యపెట్టె. అందు తాటాకులమీద నాలుగు జాతకములు, శిస్తు రసీదులు, చెదలు తినగా మిగిలిన పట్టాలు, ఒక దస్తావేజు ఉన్నవి. జాతకములలో రెండు అన్నదమ్ములవి. పెద్దవాడు సాధారణ సంవత్సరమున పుట్టెను. చిన్నవాడు రాక్షస సంవత్సరమున. పెద్దవాడు మా ముత్తాత తండ్రి. చిన్నవానిగూర్చి మేమప్పటికి ఏమియు వినియుండలేదు.

ప్రభవాదులు అరువది, తిరిగి తిరిగి వచ్చుచుండును. సాధారణ యనగా 1850–51 కావచ్చును, 1790–91 యైనను కావచ్చును. జాతకమున శకవర్షము వ్రాసియున్నచో చిక్కులేదు, మావానిలో లేదు. ఇట్టిచోట సర్కారు కాగితము తోడు రావలెను. చెన్నరాజధానిలో 1858లో ఇనాము కమీషను ఏర్పడెను. ఇనాములు అనుభవించువారి హక్కులను విమర్శించి, కట్టుబడి నిర్ణయించి, పట్టాలిచ్చుట దాని పని. గ్రామగ్రామమునకు రిజిస్టరు వ్రాయబడెను. ఇనాము ఏ తరగతిది, ఎంత భూమి, ఎవరిచ్చిరి, మొదట ఎవరు పుచ్చుకొనిరి, ఇప్పుడెవరనుభవించుచున్నారు, వాని వయస్సెంత, మొదటివానికి ఇతడేమగును, వారసులెవరు అని గడులు గలవు. ఇనాము గల కుటుంబమునకు దీనికి మించిన వంశచరిత్ర మఱియొకటి దొరకుట యరుదు.

మాది దశబంధము. చెఱువు త్రవ్వించినవానికో, గండిపడిన కట్టను వేయించి కాచువానికో ఆ చెఱువు క్రింద కొంతభూమిని పన్ను తగ్గించి యిచ్చుట దశబంధము. ఫసలీ 1271లో వ్రాసిన గడిలో మా ముత్తాతకు తాతయైనవాడు కనబడెను. (ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును; జూలై నెలతో ఏడు మొదలగును. కనుక ఇది 1861–62.) ఆయన వయస్సు 38. వారసులు ఇద్దఱు కుమాళ్లు. అన్నదమ్ముల జాతకములలోని సాధారణ, రాక్షస సంవత్సరములు 1850, 1855 అని దీనితో స్థిరపడినవి. ఒక్క గడితో అరువదేండ్ల సంశయము తీరెను. ఆనాడు మేము రికార్డు గదిలో కూర్చుండియే చిన్నపిల్లవానివలె నవ్వితిమి.

అయితే ఇంటిలో చెప్పుకొను కథ కొంత చెడిపోయెను. మా వంశకర్త విద్వత్తునకు మెచ్చి రాజుగారు భూమి యిచ్చిరని మేము చిన్ననాటనుండి వినుచుంటిమి. రిజిస్టరులో విద్వత్తు మాట లేదు. చెఱువుకట్ట వేయించినందులకిచ్చిన భూమి అది. కట్ట వేయించుట చిన్నపని కాదు. దానికి మేము తలవంచుకొననక్కఱలేదు. కాని వేయించినవాడు వేఱు, వేసినవాడు వేఱు. పలుగు పట్టి మట్టి త్రవ్వి తట్టలతో మోసి ఆ కట్టను నిలిపిన వడ్డెవారి పేర్లకు ఇరువది పైబడిన ఆ గడులలో నొక్క గడియైనను లేదు. అటులే ఇనాముదారుని భార్య పేరును లేదు. కుమాళ్లున్నారు గనుక తల్లి యొకతె యుండియుండవలెనని మనమూహింపవలసినదే.

ఇప్పుడు దస్తావేజు సంగతి. అది 1881 నాటి కుదువ దస్తావేజు. పెద్దవాడు మూడెకరముల పట్టాభూమిని తాకట్టుపెట్టి అప్పు పుచ్చుకొనెను. భూమి పిత్రార్జితము గనుక తమ్మునికి సగము హక్కుండవలెను. దానిని గూర్చి దస్తావేజులో నిట్లున్నది: తమ్ముడు ధాత కఱవులో సంతులేక గతించినందున యావదాస్తియు తనకే సంక్రమించినది. దానిక్రింద నింకొక షరతు గలదు. తమ్ముని భార్యకు ఏటికి పదితూముల వడ్లును రెండు కోకలును మనోవర్తిగ నిచ్చుటకు అన్న బద్ధుడు. ఆమెకు ఆస్తిలో వేఱు దావా లేదు. ఋణదాత ముందుచూపు గలవాడు గాబోలు, ఆమెచేతను గీటు పెట్టించుకొనెను. గీటు ప్రక్కన వ్రాతగాడు ఆమె పేరు వ్రాసెను. మా యింటి కాగితములన్నిటిలో ఆ కాలపు స్త్రీ పేరు కనబడినది ఆ యొక్కచోటనే. ఆ పేరును ఇచ్చట అచ్చొత్తించుటకు మా పెద్దవారు సమ్మతింపలేదు, అందుచే విడిచితిమి.

ధాత కఱవనగా 1876–77 నాటిది. మఱుసటి ఈశ్వర సంవత్సరమునను అది తీఱలేదు. దక్షిణదేశమున లక్షలమంది ప్రాణములు గొన్న మహాక్షామమది. నెల్లూరు సీమ దానివాత బాగుగ పడినది. చెన్నపట్టణమున కూవము నదిని అడయారుతో కలిపిన కాలువభాగము, నేటి బకింగుహాము కాలువలోనిది, ఆ కఱవుపనిగ 1877–78లో త్రవ్వబడినదే. ఇటువంటి యేట ఒక యువకుడు చనిపోయెనన్నచో ఎవరును ఆశ్చర్యపడరు, ఎవరును సాక్ష్యమడుగరు. మేమును అడుగకయే పోయెడివారము. మా అవ్వ చెప్పిన మాటయొకటి అడ్డుపడెను. అవ్వ ఆ చిన్నకోడలిని చూడలేదు. తన అత్తవలన విన్నది. “ఆయమ్మ పొయ్యి వేరే, కుంచం వేరే నాయనా. మొగుడు చెన్నపట్నం పోయినాడని ఒకరు, పోయినాడంటే పోయినాడని ఒకరు. బొట్టు తీసేయమంటే మూడేండ్లు తీయలేదంట” అని అవ్వ చెప్పియుండెను. మేమప్పుడు కళాశాలలో చదువుకొనుచుంటిమి. ముసలివారి మాటలని చెవిని పెట్టలేదు. దస్తావేజు చదివిన రాత్రి ఆ మాటలు అక్షరాక్షరము జ్ఞాపకమునకు వచ్చినవి.

ధాత కఱవులో చనిపోయెనన్నచో మూడేండ్లు బొట్టెందులకు తీయదు? లెక్క చూడుడు. 1877తో మూడు కలిపినచో 1880, దస్తావేజు 1881. కనబడకపోయినవానిని గూర్చి మన ధర్మశాస్త్రములు పండ్రెండేండ్లు వేచియుండి, పిదప దర్భలతో ప్రతిమను చేసి దహింపుమన్నవి. 1872 నాటి సాక్ష్యపు చట్టము ఏడేండ్లు చాలునన్నది. మా పెద్దాయన శాస్త్రమునకును నిలువలేదు, చట్టమునకును నిలువలేదు. అప్పు తొందరపెట్టినది. ఆ తొందరలో తమ్ముడు కాగితముమీద చనిపోయెను; మఱదలు కాగితముమీద విధవ యాయెను. కాగితముమీదనే కాదు.

చెన్నపట్టణము పోయిన నెల్లూరువాడు ఆ కాలమున ఎక్కడ తేలును? నౌకరీకి, లస్కరు పనికి, పల్టనుకు పోవచ్చును. సముద్రము దాటిపోవచ్చును. నేటాలు దేశపు చెఱకుతోటలకు కూలీలను గొనిపోయిన మొదటి యోడ ట్రూరో చెన్నపట్టణమునుండియే బయలుదేఱి 1860 నవంబరు 16న దర్బను రేవు చేరెను. 1866లో ఆ వలస ఆగిపోయి, 1874లో మరల మొదలాయెను; అనగా కఱవు ముందునకు వచ్చువేళకు ఓడలు సిద్ధముగనున్నవి. ఐదేండ్ల ఒడంబడిక, మొదటి యేట నెలకు పది షిల్లింగులు, ఏటేట నొక షిల్లింగు హెచ్చు. పదేండ్లున్నవానికి తిరుగు ప్రయాణపు ఖర్చు వారిదే. 1860 మొదలు 1911 వఱకు ఇట్లు నేటాలు చేరినవారు 1,52,184 మంది. వారిలో మూడింట రెండువంతులకు పైగా చెన్నపట్టణపు రేవునుండి పోయినవారే. తమిళులు, మనవారు. ఉత్తరార్కాడు, చిత్తూరు, నెల్లూరు, విశాఖపట్టణము పేర్లు ఓడ జాబితాలలో మరల మరల వచ్చును.

ఆ జాబితాలు నేడు దర్బనులోని విశ్వవిద్యాలయ పత్రాలయము వారి శ్రమవలన కంప్యూటరున కెక్కియున్నవి. మేము బడి సెలవులలో వానిముందు కూర్చుంటిమి. అందు మనిషికొక పంక్తి, పంక్తికొక సంఖ్య: పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయో పురుషుడో, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, శరీరమున గుర్తులు. మన పేర్లు ఎఱుగని గుమాస్తాలు చెవికి తోచినట్లు వ్రాసిన వ్రాత అది. నెల్లూరే నాలుగు విధములుగ నున్నది. గ్రామముల గతి చెప్పనేల? పట్టణము అను మాటకు ‘పట్నం’, ‘పట్టం’, ‘పూట’ అని రూపములు చూచి ఒకనాడు విసిగి లేచిపోతిమి కూడ. పైకి బిగ్గఱగ చదివినచో గాని ఊరి పేరు పట్టుబడదని తరువాత తెలిసినది. కంటికి గాక చెవికి వ్రాసిన జాబితా గదా.

1878లో చేరిన యొక పంక్తిలో పేరు కుదిరినది; తండ్రి పేరు కుదిరినది; కులము కుదిరినది. గ్రామము బిగ్గఱగ చదివినచో మా యూరే. వయస్సు మాత్రము 25 అని యున్నది. జాతకము ప్రకారము 22 నడచుచుండవలెను. దీనికి మేమంతగ జంకలేదు. ఆ వయస్సులు చూచి చెప్పినవే గాని అడిగి వ్రాసినవి కావు. కఱవు తిన్న ముఖము మూడేండ్లు పెద్దదిగ కనబడుట వింత కాదు. చివరి గడిలో ఎడమ మోకాలి క్రింద కాలిన మచ్చ యని యున్నది.

ఆ మచ్చను గూర్చి మేము పెక్కుదినములు ఆలోచించితిమి. ఇంటిలో నెవరికిని అట్టి జ్ఞాపకము లేదు. తోడబుట్టినవాని కాలిమీది మచ్చను ఇల్లు మఱచిపోయెను. చెఱకుతోట దొరకొఱకు కలము పట్టిన గుమాస్తా వ్రాసికొనెను. ప్రేమచేత వ్రాయలేదు. కూలీ పారిపోయినచో పట్టుకొనుటకు గుర్తుగ వ్రాసెను. ఆస్తిగలవానిని సర్కారు పొలము గట్లనుబట్టి గుర్తించెను. ఏమియు లేనివానిని తోలుమీది మచ్చలనుబట్టి గుర్తించెను. మఱియొక వింత చెప్పవలెను. ఇనాము రిజిస్టరులో తల్లికి చోటులేదంటిమి. ఓడ జాబితాలో ప్రతి స్త్రీకిని వేఱు పంక్తి, వేఱు సంఖ్య, తన పేరు, తన తండ్రి పేరు, తన ఎత్తు గలవు. నూఱుగురు పురుషులకు ఇంతమంది స్త్రీలుండవలెనను నిబంధన నెఱవేరెనని చూపుటకు వారిని లెక్కింపవలసివచ్చెను. లెక్కకొఱకైనను పేరు నిలిచినది. ఆ ఓడలో ఏ స్త్రీయు మా చిన్నవాని భార్యనని చెప్పుకొనలేదు. ఆమె ఇచ్చట పదితూముల వడ్లు కొలిపించుకొనుచున్నది.

ఓడ జాబితాకు ఒక లోపము గలదు. మనవారు దానివలన చాల నష్టపోయిరి. అందు ఇంటిపేరునకు గడి లేదు. తమిళులలో ఇంటిపేరు వాడుక లేదు గనుక చెన్నపట్టణమున తయారైన పట్టికలో ఆ గడి యెవరికిని తోచియుండదు. తెలుగువానికి ఇంటిపేరే వంశపు తాళపుచెవి. అది యొడ్డుననే యుండిపోయెను. అక్కడ కులబిరుదములే, తండ్రి పేర్లే ఇంటిపేర్లైనవి. నాయుడు అను నొక్కమాటక్రింద వేయి యిండ్లు కలిసిపోయినవి. దక్షిణాఫ్రికాలోని తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ నెలకొల్పుకొని భాషను పండుగలను కాపాడుకొనిరి. వారి సంతతివారు తాతల సంఖ్యలు చేతబట్టుకొని నేడును మన యూళ్లకు వచ్చుచున్నారు. వారికి ఊరు తెలియును, ఇంటిపేరు తెలియదు. మాకు ఇంటిపేరు తెలియును, వారెవరో తెలియదు. మేమిద్దఱమును ఒకే గోడకు చెఱియొక ప్రక్క నిలిచి తట్టుచున్నాము.

తమ్ముడు బ్రతికియున్నట్లు అన్నకు తెలిసియుండెనా? నిర్ధారణగ చెప్పలేము గాని, చెన్నపట్టణము పోయినాడను మాట ఇంటిలోనే పుట్టినది. తెలిసియు ఆ పేరును నీళ్లలోనుండి తీసివేయుటకు ఒక సాకు చేతనుండెను. సముద్రయానము పాతకమని బౌధాయనుడు చెప్పెను. తరువాతివారు కలివర్జ్యములలోను చేర్చిరి. సముద్రము దాటినవాడు ఇంటికి చచ్చినవానితో సమానమను మాట ఆ కాలమున మేడలలోను గుడిసెలలోను చెల్లినది. ఈ శాస్త్రము చదివినవారమే మేము. అయినను తీరమున పుట్టినవారికి ఇది యెట్లు మ్రింగుడుపడెనో తెలియదు. మా యూరి పట్టపువారు ప్రతిదినమును తెల్లవాఱుజామున ఆ నీళ్లమీదికే పోవుచున్నారు. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున 1244–45లో శాసనము వేయించి, తుపానునకు చిక్కి యొడ్డున పడిన ఓడల సరకును రాజులు దోచుకొను ఆచారమును మాన్పి, సుంకము నిర్ణయించి, సముద్రవర్తకులకు అభయమిచ్చెను. దాటుట అంత పాతకమైనచో దాటివచ్చువారికి అభయమేల? ఎవరు దాటిరి, దాటుటవలన ఎవరికి భూమి మిగిలినది అను రెండు ప్రశ్నలడిగిన తరువాత ఇట్టి వచనములను చదువుట మంచిదని మాకు తోచుచున్నది. మా యింట మిగిలిన భూమి మూడెకరములు. అందులో మేమును తిన్నాము.

ఈ సంగతులు చెప్పినప్పుడు మా పెద్దవారు సంతోషింపలేదు. పోయినవారిని కోర్టు బోనెక్కింతువా యని యొకరు, కఱవులో నీవున్నచో ఏమి చేసియుందువో యని యొకరు అనిరి. రెండవ మాటకు మావద్ద జవాబు లేదు. ఇంటిలో పిల్లలు, ముసలి తల్లి, ఎండిన చెఱువు. తమ్మునినుండి ఉత్తరము లేదు. అప్పిచ్చువాడు కాగితము శుద్ధిగ నుండవలెనన్నాడు. ఆ పెద్దాయనయే మఱుసటి వానలకు గండిపడిన కట్టను వేయించినట్లు రసీదు గలదు. అది లేనిచో మా యూరి సగము నేలకు నీరుండెడిది కాదు. మంచివాడా చెడ్డవాడా యని తేల్చుటకు మేము పెట్టె తెఱవలేదు. కాని చిన్నకోడలు మూడేండ్లు బొట్టు తీయలేదను మాటను, ఆమె పెట్టిన గీటును ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తరువాత, కఱవు అందఱిని ఒకేతీరుగ తినలేదని చెప్పక తప్పదు. సుబ్బారావుగారి కుమారుడు తండ్రి మాటను బంధువులకు పంచెను. మా యింట బంధువుల మాటయే తమ్మునికి బదులు నిలిచెను.

మొన్న మహాలయమునాడు పురోహితులతో ఈ సంగతి ముచ్చటించితిమి. వారు వృద్ధులు, చదివినవారు, తొందర లేనివారు. తిథి తెలియదన్నాము, అమావాస్య అట్టివారికే గదా యన్నారు. వరుస కుదురదేమో యన్నాము. ముత్తాతకు పినతండ్రి మీకు పితృవ్యుడు కాడు గాని జ్ఞాతియని చెప్పవచ్చునన్నారు. గోత్రము చెప్పితిమి, పేరు చెప్పితిమి. మంత్రములో భార్యాసమేతముగ నను అర్థముగల మాట వచ్చును. ఆమె పేరును విడిగ చెప్పవలెనని మేము కోరితిమి. అందులకు చోటులేదని వారు మొదట అనిరి. కొంతసేపు ఊరకుండి, చెప్పుడనిరి. చెప్పి నీళ్లు వదలితిమి.

తరువాతి మాట పుత్రసమేతముగ నని. పురోహితులు అక్కడ నిలిచి, సంతానము గలదా యని మా ముఖము చూచిరి. దర్బనుకు వ్రాసిన ఉత్తరమునకు ఇంకను జవాబు రాలేదని చెప్పితిమి.